డెస్క్‌టాప్ ఉన్నట్టుండి బిగుసుకుపోతోందా? తరచుగా అడిగే ప్రశ్నలు

మనవాళ్లలో కొందరు "హ్యాంగ్ అయింది" అంటారు, కొందరు "స్ట్రక్ అయింది" అంటారు. ఏ మాటన్నా బాధ ఒకటే. పని మధ్యలో తెర నిలబడిపోతుంది, మౌస్ కదలదు, సేవ్ చేయని ఫైలు గంగలో కలుస్తుంది. మళ్లీ ఆన్ చేస్తే ఏమీ ఎరగనట్టు నడుస్తుంది. ఒక కాలేజీ ల్యాబులో చాలా ఏళ్లుగా సిస్టమ్‌లు చూసుకుంటున్నాను. ఫోన్లోనూ, వీధిలోనూ, ఆఖరికి పెళ్లి భోజనాల దగ్గర కూడా జనం నన్ను పట్టుకుని అడిగే ప్రశ్నలు ఇవి. విండోస్ డెస్క్‌టాప్‌ను దృష్టిలో పెట్టుకుని రాశాను. లినక్స్ వాళ్లకు పనికొచ్చేవి అక్కడక్కడా ఉన్నాయి.

హ్యాంగ్ అంటే హ్యాంగే కదా, అందులో రకాలేమిటి?

ఉన్నాయి, సగం సమాధానం ఇక్కడే దొరుకుతుంది. ఒక్క ప్రోగ్రామే ఆగిపోయి, దాని విండో తెల్లగా పాలిపోయి "నాట్ రెస్పాండింగ్" అని చూపిస్తే అది ఆ ప్రోగ్రాము అలక, అంతే. ఐదు సెకన్లు పలక్కపోతే విండోస్ దానికి ఆ పేరు తగిలిస్తుంది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్లో దాన్ని ముగించండి. మిగతా సిస్టమ్‌ను అనుమానించకండి.

రెండో రకంలో మౌస్ బాణం కదులుతుంది గానీ ఏది నొక్కినా తెరుచుకోదు. అర నిమిషం పోయాక నొక్కినవన్నీ ఒక్కసారిగా మీద పడతాయి. ఇలా ఉంటే నా చూపు ముందు డిస్క్ మీదకు పోతుంది.

మూడోది అసలైన బిగుసుకుపోవడం. మౌస్ రాయిలా ఉంటుంది. పాట నడుస్తుంటే ఒకే ముక్క "డ్ర్ర్ర్" అంటూ అరుగుతుంది. ర్యామ్, కరెంటు, ప్రాసెసర్, మదర్‌బోర్డు, గ్రాఫిక్స్ కార్డు, వీటిని నడిపే డ్రైవర్ ప్రోగ్రాములు, అనుమానితులు వీళ్లే. ఇకపై ఈ పేజీలో ఎక్కువ భాగం ఈ మూడో రకం గురించే.

నీలం తెర వచ్చి ఏదో కోడ్ చూపిస్తే మీరు అదృష్టవంతులు, ఆ కోడ్ ఫోటో తీసుకోండి. దానంతటదే ఆఫ్ అయిపోయి మళ్లీ ఆన్ అయితే మాత్రం అది హ్యాంగ్ లెక్కలోకి రాదు. ముందు కరెంటు, తర్వాత వేడి చూడాలి.

బిగుసుకున్న ఆ క్షణంలో ఏం చేయాలి? నేను వెంటనే స్విచ్ ఆఫ్ చేసేస్తాను.

చేయకండి, సాక్ష్యం పోతుంది. ముందు గోడ గడియారం చూసి టైము రాసుకోండి. తర్వాత కీబోర్డు మీద క్యాప్స్ లాక్ నొక్కండి. దాని దీపం వెలిగి ఆరుతుంటే లోపల విండోస్ ఇంకా బతికే ఉందని అర్థం. కీబోర్డు దీపాన్ని వెలిగించేది ఆపరేటింగ్ సిస్టమే. దీపం పలకకపోతే కింది నుంచే అంతా ఆగిపోయింది.

దీపం వెలుగుతోంది గానీ తెర కదలట్లేదంటే విండోస్ కీ, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కండి. గ్రాఫిక్స్ డ్రైవర్‌ను మళ్లీ మొదలుపెట్టే మీట అది. తెర ఒకసారి మిణుకుమని, చిన్న బీప్ వచ్చి, అంతా మళ్లీ కదిలితే దొంగ ఎవరో తెలిసిపోయినట్టే. దానికీ పలకకపోతే క్యాబినెట్ మీది హార్డ్‌డిస్క్ దీపం చూడండి. ఆరకుండా నిండుగా వెలుగుతుంటే డిస్క్ దేనికోసమో పెనుగులాడుతోంది, రెండు మూడు నిమిషాలు ఆగండి. అప్పటికీ లేకపోతే పవర్ బటన్ నాలుగైదు సెకన్లు నొక్కి పట్టుకోండి, ఆఫ్ అవుతుంది. గోడ స్విచ్ జోలికి పోకండి.

షాపులో "ఫార్మాట్ కొట్టేద్దాం" అన్నారు. కొట్టించనా?

ఇప్పుడే వద్దు. మన ఊళ్లలో జ్వరానికి పారాసిటమాల్ ఎలాగో సిస్టమ్‌కు ఫార్మాట్ అలా అయిపోయింది. ర్యామ్ పాడైన సిస్టమ్‌కు ఫార్మాట్ కొడితే, పాడైన ర్యామ్ మీద కొత్త విండోస్ కూర్చుంటుంది. డిస్క్ చివరి రోజుల్లో ఉంటే ఫార్మాట్ దాన్ని ఇంకాస్త తొందరగా సాగనంపుతుంది, మీ పిల్లల ఫోటోలతో సహా. పైగా అప్పటిదాకా విండోస్ రాసి పెట్టుకున్న లాగ్‌లు కూడా తుడిచిపెట్టుకుపోతాయి.

దానికి బదులు ఒక పరీక్ష ఉంది, పైసా ఖర్చు లేదు. ఒక పెన్‌డ్రైవ్‌లో ఉబుంటు (ఉచితంగా దొరికే ఒక లినక్స్) వేసి, దాని నుంచి బూట్ చేసి, "ఇన్‌స్టాల్" జోలికి పోకుండా "ట్రై" అనే దారిలో వాడండి. యూట్యూబ్ పెట్టండి, పది ట్యాబులు తెరవండి, రోజంతా నడవనివ్వండి. విండోస్‌లో రోజుకు మూడుసార్లు బిగుసుకునేది ఇక్కడ రెండు రోజులు చక్కగా నడిస్తే తప్పు విండోస్‌దో, డ్రైవర్‌దో, ఈ పరీక్షలో పని లేని డిస్క్‌దో. ఇక్కడా బిగుసుకుంటే హార్డ్‌వేర్ మీద గట్టి అనుమానం పెట్టుకోవచ్చు, ఫార్మాట్ ఖర్చు మిగిలినట్టే.

మాది ఎప్పుడు పడితే అప్పుడు అవుతోంది, దానికో లెక్కా పాడూ లేదు. ఎలా పట్టుకోవాలి?

లెక్క ఉంటుంది, మనకు కనపడలేదంతే. ఒక రూళ్ల పుస్తకం సిస్టమ్ పక్కన పెట్టండి. తేదీ, టైము, ఆన్ చేసి ఎంతసేపైంది, ఏం తెరిచి ఉంది, కరెంటు పోయి వచ్చిందా, క్యాప్స్ లాక్ దీపం పలికిందా. ఒక్కో హ్యాంగ్‌కు ఒక్క లైను చాలు.

మా బాబాయి వాళ్ల సిస్టమ్ మూడు నెలలు అందరినీ ఏడిపించింది. ర్యామ్ మార్చారు, విండోస్ రెండుసార్లు వేశారు. పుస్తకం పెట్టిన తొమ్మిదో రోజున చూస్తే ఏడింట ఐదుసార్లు పొద్దున ఆరున్నరకూ ఏడుకూ మధ్యే అయింది. అది కుళాయి వచ్చే టైము. కింద వాటాలో సంపు మోటారు వేసేవాళ్లు. మోటారు స్టార్టయ్యే క్షణంలో లైట్లు కూడా ఒకసారి నీరసపడేవి, ఎవరూ పట్టించుకోలేదు. బ్యాటరీ చచ్చిన యూపీఎస్ మార్చి, ఆ ప్లగ్గుకు ఎర్తింగ్ సరిచేయిస్తే జబ్బు పోయింది.

పుస్తకంతో పాటు ఇంకో నియమం ఉంది. ఒక్కసారికి ఒక్కటే మార్చండి. ర్యామ్ తుడిచి, డ్రైవర్ వేసి, ఫ్యాన్ మార్చి, అన్నీ ఒకే ఆదివారం చేస్తే, బాగైనా ఎందుకు బాగైందో తెలీదు. మార్చాక ఎన్ని రోజులు చూడాలి అంటారా? మామూలుగా రెండు రోజులకోసారి అయ్యేదైతే కనీసం వారం ఆగాలి. ఒక్కరోజు అవ్వనంత మాత్రాన పండగ చేసుకోకూడదు.

విండోస్ తన లాగ్‌లు చూపించే ఈవెంట్ వ్యూయర్‌లో "కెర్నెల్-పవర్ 41" అని ఎర్రగా ఉంది. అంటే ఎస్ఎంపీఎస్ (క్యాబినెట్‌లో కరెంటు అందించే డబ్బా) పోయినట్టేనా?

అందరూ పడే గుంత ఇదే. 41 అంటే "పోయినసారి నన్ను సరిగా షట్‌డౌన్ చేయలేదు" అని విండోస్ మళ్లీ లేచాక రాసుకునే ఫిర్యాదు. హ్యాంగ్ అయిందని మీరే బటన్ నొక్కి ఆపినా 41 పడుతుంది. పేరులో పవర్ ఉందని ఎస్ఎంపీఎస్ కొనేసినవాళ్లను చాలామందిని చూశాను. దాని వివరాల్లో "బగ్‌చెక్‌కోడ్" సున్నా ఉంటే నీలం తెర కూడా రాకుండానే ఆగిందని అర్థం.

చూడాల్సింది 41కి ముందు ఏం జరిగిందో. 6008 నంబరు ఈవెంట్‌లో సిస్టమ్ ఆగిన టైము ఉంటుంది, మీ పుస్తకంతో పోల్చుకోండి. దానికి ముందు నిమిషాల్లో "డిస్క్" పేరుతో 7, 51, 153 గానీ, స్టోరేజ్ డ్రైవర్ పేరుతో 129 గానీ ఉంటే డిస్క్ లేదా దాని కేబుల్. "డిస్‌ప్లే 4101" ఉంటే గ్రాఫిక్స్ డ్రైవర్ మధ్యలో ఆగి లేచింది. "వీయా-లాగర్" అని ఉంటే హార్డ్‌వేరే నోరు తెరిచి చెబుతోంది, ప్రాసెసర్, ర్యామ్, కార్డులు దూర్చే పీసీఐ స్లాట్ల వైపు చూడాలి. ఏమీ లేకుండా శుభ్రంగా ఉంటే? అదీ ఒక సాక్ష్యమే. రాసే వ్యవధి కూడా ఇవ్వకుండా ఆగిందంటే హార్డ్‌వేర్ వైపు మొగ్గు పెరుగుతుంది.

ఈవెంట్ వ్యూయర్ చూసి కళ్లు తిరిగేవాళ్లు సెర్చ్‌లో "రిలయబిలిటీ" అని కొట్టి ఆ చరిత్ర తెరవండి. రోజువారీ పట్టికలా ఉంటుంది. హ్యాంగులు మొదలైన రోజున ఏ అప్‌డేట్ దిగిందో, ఏ ప్రోగ్రాము ఎక్కిందో అందులో తేలిగ్గా కనిపిస్తుంది.

వేసవి కదా, వేడికి హ్యాంగ్ అవుతోందా?

అందరూ ముందు అనుకునేది ఇదే, కానీ అనుకున్నంత తరచుగా నిజం కాదు. ఈనాటి ప్రాసెసర్ వేడెక్కితే ముందు తన వేగం తనే తగ్గించుకుంటుంది. చాలా ఇంటెల్ డెస్క్‌టాప్ చిప్‌లకు 100 డిగ్రీలు, ఏఎండీ రైజెన్ 7000 చిప్‌లకు 95 డిగ్రీలు దాని హద్దు. అది కూడా దాటితే టక్కున ఆఫ్ అయిపోతుంది. అంటే వేడి జబ్బుకు లక్షణాలు నత్తనడక, ఆ తర్వాత ఆఫ్. బిగుసుకుపోవడం తక్కువ.

అయినా చూడటం తేలికే కాబట్టి చూడండి. హెచ్‌డబ్ల్యూఇన్‌ఫో లాంటి ఉచిత ప్రోగ్రాము వేసి, పని లేనప్పుడు ఎంత, గట్టి పనిలో ఎంత అని రాసుకోండి. విజయవాడలోనో రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం గదే 40 దగ్గర ఉంటే, పని లేని ప్రాసెసర్ 50 దాటడం వింత కాదు. పని లేకుండానే 80 చూపిస్తే మాత్రం కూలర్ ఊడిందనుకోవాలి. ఇంటెల్ బాక్సులో వచ్చే కూలర్‌కు నాలుగు మూలలా తోసే ప్లాస్టిక్ పిన్నులుంటాయి. బండి మీద వేసుకుని ఊరు మారినప్పుడు వాటిలో ఒకటి ఎగిరిపోతుంది. క్యాబినెట్ తెరిచి నాలుగూ దిగి ఉన్నాయో లేదో వేలితో చూడండి. దుమ్ము బ్లోయర్‌తో కొట్టేటప్పుడు ఫ్యాన్‌ను వేలితో ఆపి పట్టుకోండి, లేకపోతే గాలికి అడ్డూ ఆపూ లేకుండా తిరిగి బేరింగు పోతుంది.

ర్యామ్ తీసి రబ్బరుతో తుడిస్తే బాగవుతుందంటారు. నిజమా, షాపువాళ్ల మంత్రమా?

నిజమే, మంత్రంలాగా అన్నింటికీ చదివేస్తున్నారు గానీ. ర్యామ్ కడ్డీ అంచున బంగారు పూత పళ్లుంటాయి. వాటి మీద పేరుకున్న మురికి, స్లాట్‌లో చేరిన దుమ్ము, కోస్తాలో ఉప్పుగాలి, చెమ్మ కలిసి కాంటాక్టు చెడగొడతాయి. పవర్ కార్డు పీకి, క్యాబినెట్ ఇనుప భాగాన్ని ఒకసారి ముట్టుకుని, ర్యామ్ బయటకు తీసి, పిల్లలు వాడే తెల్ల రబ్బరుతో మెల్లగా రుద్ది, రజను దులిపి, రెండు వైపులా "టక్" అనేదాకా నొక్కి పెట్టండి. ఇసుక రబ్బరు వద్దు, పూత లేస్తుంది.

తుడిచినా పోకపోతే పరీక్ష పెట్టాలి. విండోస్‌తో వచ్చే మెమరీ డయాగ్నస్టిక్ పైపైన చూస్తుంది. పెన్‌డ్రైవ్ నుంచి నడిచే మెమ్‌టెస్ట్86 ప్లస్ గట్టిది, ఉచితం. రాత్రి పడుకునే ముందు పెట్టి పొద్దున చూడండి. ఎర్ర లైను ఒక్కటి వచ్చినా ర్యామ్ ఫెయిలే. "వెయ్యి కోట్ల గడుల్లో ఒక్కటే కదా" అనుకోవద్దు, ఆ ఒక్క గడిలోకి విండోస్ ముఖ్యమైన ముక్క వచ్చిన రోజే మీకు హ్యాంగ్. రెండు కడ్డీలుంటే విడివిడిగా, ఒకే స్లాట్‌లో పెట్టి పరీక్షించండి. కడ్డీ మార్చినా అదే స్లాట్‌లో తప్పులొస్తే తప్పు స్లాట్‌ది, లేదా ప్రాసెసర్ అడుగున వంగిన పిన్నుది.

ఇక్కడ చాలామంది మర్చిపోయేది ఎక్స్‌ఎంపీ, అంటే ర్యామ్‌ను దాని మీద రాసిన వేగంతో నడిపించే సెట్టింగు. 3200 అని రాసి ఉన్న డీడీఆర్4 ర్యామ్ చాలావరకు మామూలుగా 2133 దగ్గరో 2400 దగ్గరో లేస్తుంది. బయాస్‌లో (విండోస్ కంటే ముందు లేచే, బోర్డులోని ప్రోగ్రాము) ఎక్స్‌ఎంపీ వేస్తేనే 3200కి ఎక్కుతుంది. ఒకరకంగా అది ఓవర్‌క్లాకే, అంటే మామూలు వేగాన్ని మించి నడపడమే. వేర్వేరు కంపెనీల కడ్డీలు కలిపి, నాలుగు స్లాట్లూ నింపి, ఎక్స్‌ఎంపీ వేస్తే వారానికోసారి బిగుసుకునే సిస్టమ్ తయారవుతుంది. పరీక్షగా ఎక్స్‌ఎంపీ తీసేసి పది రోజులు వాడండి. హ్యాంగులు ఆగిపోతే కొంచెం తక్కువ వేగం పెట్టుకుని హాయిగా ఉండండి. నాలుగు స్లాట్ల బోర్డులో రెండే కడ్డీలుంటే, సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండోదీ నాలుగోదీ వాడాలి.

కొత్తగా డీడీఆర్5 సిస్టమ్ బిగించినవాళ్లకు ఒక మాట. మొదటిసారి ఆన్ చేసినప్పుడు తెర నల్లగా ఉండి కొన్ని నిమిషాలు ఏమీ రాదు. బోర్డు ర్యామ్‌తో పరిచయం చేసుకుంటూ ఉంటుంది. హ్యాంగ్ అనుకుని ఆపేయకండి.

డిస్క్ పోతోందని ఎలా తెలుస్తుంది?

ఏ రిపేరైనా మొదలుపెట్టకముందే ముఖ్యమైన ఫైళ్లు వేరేచోటికి కాపీ చేసుకోండి. ఇది సలహా కాదు, షరతు.

తర్వాత డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్‌ఫో అనే ప్రోగ్రాము తెరవండి. పైన నీలం రంగులో "గుడ్" అని ఉన్నా అక్కడితో ఆగొద్దు. హార్డ్‌డిస్క్ అయితే 05, సి5, సి6, సి7 అనే నాలుగు వరసలు చూడాలి. అంకెలు మామూలుగా హెక్సాలో (పదహారు అంకెల లెక్కలో) ఉంటాయి, సెట్టింగ్‌లో దశాంశానికి మార్చుకోండి. సి5లో సున్నా కాకుండా ఏదైనా ఉంటే చదవలేకపోతున్న సెక్టార్లు (డిస్క్ మీది చిన్న చిన్న గడులు) ఉన్నాయి. అలాంటి సెక్టారు తగిలినప్పుడు డిస్క్ పట్టువదలని విక్రమార్కుడిలా మళ్లీ మళ్లీ చదవబోతుంది, అంతసేపూ మీ సిస్టమ్ కదలదు. ఇక ఆ డిస్క్‌ను నమ్మకండి. 05 (డిస్క్ పాడైనవని పక్కన పెట్టేసిన సెక్టార్లు) కూడా రోజురోజుకూ పెరుగుతుంటే అంతే సంగతి. సి7 ఒక్కటే పెరుగుతూ మిగతావి సున్నా అయితే శుభవార్త, అది చాలాసార్లు డిస్క్‌ను బోర్డుకు కలిపే సాటా కేబుల్ జబ్బు. కేబుల్ మార్చండి, టిఫిన్ ఖర్చంత కూడా కాదు. మార్చాక ఆ అంకె తగ్గదు, పెరగడం ఆగితే చాలు.

ఎస్ఎస్‌డీల కథ వేరు. అవి శబ్దం చేయవు, మూలగవు. ఒక్కోసారి తప్పు చిప్‌లో కాక దాన్ని లోపలి నుంచి నడిపే ప్రోగ్రాములో, అంటే ఫర్మ్‌వేర్‌లో ఉంటుంది. క్రూషియల్ ఎం4 అనే ఎస్ఎస్‌డీ దీనికి మంచి ఉదాహరణ. మొత్తం 5184 గంటలు నడిచాక, అంటే 216 రోజులు ఆపకుండా నడిచినంత వయసు రాగానే, అది పలకడం మానేసేది. రీస్టార్ట్ చేస్తే గంట నడిచి మళ్లీ ఆగేది. 2012 జనవరిలో కంపెనీ ఫర్మ్‌వేర్ సవరణ ఇచ్చాక తీరింది. "గంటకోసారి హ్యాంగ్" అని అప్పట్లో ఎంతమంది ఫార్మాట్ కొట్టించుకుని ఉంటారో! కాబట్టి ఎస్ఎస్‌డీ తయారీదారు ఇచ్చే ప్రోగ్రాము వేసుకుని ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఉందేమో చూడండి. సీ డ్రైవ్ నిండిపోయి ఎర్రగీత పడి ఉంటే అది కూడా ఖాళీ చేయండి.

సిస్టమ్ ముట్టుకుంటే చిన్నగా షాక్ కొడుతోంది. హ్యాంగ్‌కూ దానికీ సంబంధం ఉందా?

ఉండొచ్చు. లేకపోయినా దాన్ని వదిలేయకూడదు. ఎస్ఎంపీఎస్ లోపల కరెంటు మురికిని వడకట్టే కెపాసిటర్లు ఆ మురికిని ఎర్తింగ్‌లోకి పంపాలి. ఎర్తింగ్ లేకపోతే మన 230 వోల్టుల్లో సగం దాకా క్యాబినెట్ ఇనుము మీద నిలుస్తుంది. కరెంటు బలం చాలా తక్కువ కాబట్టి జివ్వుమంటుందంతే. కానీ ఆ క్యాబినెట్‌కే యూఎస్‌బీ, మానిటర్, ప్రింటర్ తీగలన్నీ కలిసి ఉంటాయి. పాత ఇళ్లలో మూడో రంధ్రం అలంకారానికే ఉంటుంది, వెనక తీగే ఉండదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి చూపించండి. మూడో పిన్ను విరగ్గొట్టి రెండు పిన్నుల ప్లగ్గుగా వాడేవాళ్లకు నా దగ్గర మంచి మాటలు లేవు.

ఎస్ఎంపీఎస్ సంగతి. క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చినదాని మీద 450 వాట్లు అని ఉంటే ఆ అంకెను నమ్మకండి. 12 వోల్టుల లైను ఎన్ని ఆంపియర్లో ఆ పట్టికలో చూడండి, అసలు బలం అదే. నియమం ప్రకారం 12 వోల్టుల లైను 11.4కూ 12.6కూ మధ్య ఉండాలి. ప్రోగ్రాములు చూపించే వోల్టేజీ తప్పుగా ఉండొచ్చు, మల్టీమీటర్‌తో చూస్తేనే లెక్క. అదికూడా క్షణకాలపు తూగును పట్టదు. అందుకే నేను మీటరు కంటే మంచి ఎస్ఎంపీఎస్ ఒకటి అరువు తెచ్చి మూడు రోజులు పెట్టి చూడటాన్నే నమ్ముతాను. దాన్ని విప్పి రిపేరు చేయాలని మాత్రం చూడకండి, ప్లగ్గు పీకాక కూడా లోపల ప్రాణం తీసేంత చార్జి ఉంటుంది. అన్నట్టు, వెచ్చగా ఉంటుందని చీమలూ బల్లులూ దాంట్లో కాపురం పెడతాయి. ఒకసారి ల్యాబులో ఎస్ఎంపీఎస్ కదిపితే ఎండిన బల్లి రాలింది.

యూపీఎస్ ఉందిగా అంటారు. 600 వీఏ యూపీఎస్ సాధారణంగా 360 వాట్లే మోస్తుంది, దాని బ్యాటరీ మన ఎండలకు రెండు మూడేళ్లే. బ్యాటరీ పోయిన యూపీఎస్ ఉన్నా లేనట్టే. కరెంటు పోయినప్పుడు ఐదు నిమిషాలైనా ఆపగలదో లేదో చూడండి. అనుమానముంటే రెండు రోజులు దాన్ని తప్పించి నేరుగా గోడకు పెట్టి చూడండి, ఉరుముల వేళ కాకుండా.

గేమ్ ఆడేటప్పుడే బిగుసుకుంటోంది. మామూలు పనిలో ఏమీ లేదు.

గ్రాఫిక్స్ కార్డు, దాని డ్రైవర్, ఎస్ఎంపీఎస్, ఈ వరసలో చూడండి. గ్రాఫిక్స్ చిప్ రెండు సెకన్లు జవాబివ్వకపోతే విండోస్ దాన్ని రీసెట్ చేయబోతుంది. అది కుదరనప్పుడే తెర నల్లబడటమో బిగుసుకోవడమో. డీడీయూ అనే ప్రోగ్రాముతో పాత డ్రైవర్‌ను వేర్లతో సహా తీసేసి, ఒక మెట్టు పాత డ్రైవర్ వేసి చూడండి. కొత్తదే మంచిదని ఎక్కడా లేదు. కార్డుకు వెళ్లే పవర్ కేబుళ్లు పీకి మళ్లీ గట్టిగా పెట్టండి.

మీది ఇంటెల్ 13 లేదా 14వ తరం ఐ7, ఐ9 అయితే ఇంకోటి ఉంది. ఈ డెస్క్‌టాప్ చిప్‌లు మోతాదు మించిన వోల్టేజీ అడగడం వల్ల కాలక్రమంలో దెబ్బతిని, గేములు కూలడం, "వీడియో మెమరీ చాలదు" అనే అబద్ధపు సందేశాలు రావడం, హ్యాంగులు మొదలయ్యాయి. 2024లో ఇంటెల్ ఈ సంగతి ఒప్పుకుని, ఆగస్టులోనూ సెప్టెంబరులోనూ మైక్రోకోడ్ (చిప్ లోపలి ప్రోగ్రాము) సవరణలిచ్చింది, వారంటీ ఇంకో రెండేళ్లు పొడిగించింది. ఆ సవరణ బయాస్ అప్‌డేట్‌తో వస్తుంది. మీ బోర్డు బయాస్ ఆ తేదీల కంటే పాతదైతే వెంటనే మార్చండి. ఒకసారి దెబ్బతిన్న చిప్ బయాస్‌తో కోలుకోదు, బిల్లు వెతుక్కుని వారంటీకి వెళ్లాలి.

మాది తిరకాసు. పని చేస్తుంటే బాగుంటుంది, వదిలేసి టీ తాగి వచ్చేసరికి బిగుసుకుని ఉంటుంది.

ఇది తిరకాసు కాదు, పేరున్న జబ్బే. పని లేనప్పుడు ప్రాసెసర్ గాఢనిద్రలోకి జారుకుంటుంది, కరెంటు వాడకం బాగా పడిపోతుంది. అంత తక్కువ వాడకాన్ని కొన్ని ఎస్ఎంపీఎస్‌లు సరిగా మోయలేవు. తొలితరం రైజెన్‌లలో ఇది బాగా కనిపించింది. బయాస్‌లో "పవర్ సప్లై ఐడిల్ కంట్రోల్" అనేదాన్ని "టిపికల్ కరెంట్ ఐడిల్"కు మారిస్తే చాలామందికి తీరింది. ఇంటెల్ జే1900 లాంటి బే ట్రెయిల్ చిప్‌లున్న చిన్న డబ్బా కంప్యూటర్లలో లినక్స్ వేసుకున్నవాళ్లకూ ఇదే బాధ, కెర్నెల్‌కు (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయకు) నిద్ర లోతును ఒకటో మెట్టుకు పరిమితం చేసే ఆప్షన్ ఇచ్చి గట్టెక్కేవారు. మిగతావాళ్లు స్లీప్‌నూ, పవర్ సెట్టింగుల్లో పీసీఐ ఎక్స్‌ప్రెస్ కరెంటు పొదుపునూ తీసేసి చూడండి.

రెండు సెకన్లు ఆగి మళ్లీ నడుస్తుంది, శబ్దం కూడా తడబడుతుంది. రైజెన్ సిస్టమ్.

విండోస్ 11 వచ్చాక ఎఫ్‌టీపీఎం (ప్రాసెసర్‌లోని భద్రతా ఏర్పాటు) ఆన్ చేసుకున్నవాళ్లకు వచ్చిన తడబాటు ఇది. ఏఎండీ 2022 మార్చిలో ఒప్పుకుంది, ఆ మే నుంచి బయాస్ సవరణలు వచ్చాయి. బయాస్ మార్చండి. డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ వాడుతుంటే ముందు దాన్ని సస్పెండ్ చేసి, రికవరీ కీ కాగితం మీద రాసుకుని మరీ మొదలుపెట్టండి.

రోజూ షట్‌డౌన్ చేస్తున్నా, టాస్క్ మేనేజర్‌లో అప్‌టైమ్ పన్నెండు రోజులని ఎందుకు చూపిస్తోంది?

ఫాస్ట్ స్టార్టప్ మహిమ. షట్‌డౌన్ నొక్కినా కెర్నెల్ పూర్తిగా చావదు, డిస్క్‌లో దాక్కుని పొద్దున అలాగే లేస్తుంది. అలిగిన డ్రైవర్ కూడా దాంతోపాటే లేస్తుంది. పూర్తిగా కొత్తగా మొదలు కావాలంటే రీస్టార్ట్ నొక్కాలి. లేదా కంట్రోల్ ప్యానెల్ పవర్ ఆప్షన్లలో ఫాస్ట్ స్టార్టప్ తీసేయండి, ఎస్ఎస్‌డీ ఉన్నవాళ్లకు పెద్ద నష్టమేమీ లేదు.

వైరస్ అయ్యుంటుందా?

పూర్తిగా బిగుసుకుపోవడానికి వైరస్ కారణం కావడం అరుదు. రెండు యాంటీవైరస్‌లు ఒకేసారి వేసుకున్నవాళ్ల సిస్టమ్ బిగుసుకోవడం మాత్రం నేను చాలా చూశాను. ఒకటి తీసేయండి. "అన్ని డ్రైవర్లూ ఒక్క క్లిక్‌తో" అనే ప్రోగ్రాములు కూడా.

సీమాస్ బ్యాటరీ (మదర్‌బోర్డు మీద తేదీని నిలిపేది) మారిస్తే పోతుందా?

తేదీ వెనక్కి పోతుంటే మార్చండి, నాణెం సైజు 3 వోల్టుల బ్యాటరీ, సీఆర్2032 అని అడగాలి. హ్యాంగ్ దానివల్ల పోదు.

పదిహేనేళ్ల పాత సిస్టమ్. లోపల డబ్బాల్లాంటివి ఉబ్బాయి.

అవి కెపాసిటర్లు. తల ఉబ్బినా, గోధుమరంగు జిగురు కారినా కథ చివరికొచ్చినట్టే. 2000ల మొదట్లో ఇది ప్రపంచమంతా పాకిన పీడ, డెల్ ఆప్టిప్లెక్స్ జీఎక్స్270, జీఎక్స్280 బోర్డులు దీనికి పెట్టింది పేరు. టంకం పని బాగా వచ్చిన మనిషి దొరికితే కెపాసిటర్లు మార్పించవచ్చు. దొరకకపోతే డేటా తీసుకుని దండం పెట్టండి. ఎలాగూ విండోస్ 10కి కూడా 2025 అక్టోబరు 14తో మామూలు మద్దతు ఆగిపోయింది, అంత పాత సిస్టమ్‌కు 11 అధికారికంగా ఎక్కదు.

షాపులో రెండు రోజులు పెట్టారు, ఒక్కసారి కూడా హ్యాంగ్ కాలేదట. ఇంటికి తెచ్చిన గంటలో అయింది. వాళ్లు అబద్ధమాడారా?

ఆడి ఉండరు. మీరు షాపుకు పట్టుకెళ్లింది క్యాబినెట్ ఒక్కటే. మీ ఇంటి ప్లగ్గు, యూపీఎస్, పవర్ కార్డు, కీబోర్డు, మౌస్, వైఫై డాంగిల్, ప్రింటర్, మానిటర్ తీగ అన్నీ ఇంట్లోనే ఉండిపోయాయి. జబ్బు వాటిలో ఉంటే షాపులో ఎలా కనపడుతుంది? పైగా దారిలో కుదుపులకు వదులు కాంటాక్టులు ఒక్కోసారి వాటంతటవే సర్దుకుంటాయి.

ముందు ఇంట్లోనే ప్రింటర్, డాంగిల్, హబ్, వెబ్‌క్యామ్ అన్నీ పీకేసి, కీబోర్డు, మౌస్ మాత్రం ఉంచి వాడండి. నిలబడితే రోజుకొకటి చొప్పున తిరిగి పెట్టండి. తర్వాత వేరే గదిలో వేరే ప్లగ్గుకు మార్చండి. మా ల్యాబులో కిటికీ పక్క సిస్టమ్ ఒకటి అలాగే ఏడిపించేది. ర్యామ్, డిస్క్, ఎస్ఎంపీఎస్ మూడూ మార్చాం. చివరికి చూస్తే ఎస్ఎంపీఎస్ వెనక దూరే పవర్ కార్డు వదులుగా ఉంది, పిల్లలు కాళ్లు చాపినప్పుడల్లా కదిలేది. అది మాత్రం ఎవరూ మార్చలేదు.

ఇంకోసారి షాపుకు వెళ్తే ఆ కార్డు, యూపీఎస్, కీబోర్డు, మౌస్, రూళ్ల పుస్తకం అన్నీ ఆటోలో వేసుకుని వెళ్లండి. సికింద్రాబాద్ సీటీసీలోని కంప్యూటర్ షాపుకైనా, మీ ఊరి బస్టాండ్ పక్కన ఉన్న చిన్న షాపుకైనా. "హ్యాంగ్ అవుతోందండీ" అని కాక "ఆన్ చేసిన నలభై నిమిషాలకు, క్యాప్స్ లాక్ కూడా పలకదు, ఉబుంటులోనూ ఇంతే, ర్యామ్ రాత్రంతా పాసైంది" అని చెప్పండి. అప్పుడు ఫార్మాట్ మాట ఎత్తకుండా నేరుగా స్క్రూడ్రైవర్ తీస్తారు.